మిగిలిందా, మితిమీరిందా? ‘ఎక్కువ’ అనడానికి ఇంగ్లీషులో ఏ మాట ఎక్కడ

మొన్న మా అన్నయ్య ఇంటి గృహప్రవేశానికి 150 ప్లేట్లు చెప్పాం. వచ్చింది 110 మంది. మధ్యాహ్నం మూడింటికి వంటల దగ్గరికి వెళ్లి చూస్తే మూత కూడా తీయని పులిహోర గిన్నె ఒకటి, సగం సగం ఖాళీ అయిన కూరల ట్రేలు నాలుగు, ఓ బేసిన్ నిండా బూరెలు. పారేయడానికి మనసొప్పక, ఫంక్షన్లలో మిగిలిన భోజనం తీసుకెళ్లి పంచే పిల్లలకు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి అడిగిన మొదటి మాట: ‘సర్‌ప్లసా ఆంటీ, లెఫ్టోవరా?’

ఒక్క క్షణం నాకేం తోచలేదు. రెండూ మిగిలిందే కదా! ‘గరిటె పెట్టనిది సర్‌ప్లస్ ఆంటీ. వడ్డించగా మిగిలింది లెఫ్టోవర్. మేం సర్‌ప్లసే తీసుకుంటాం’ అంది. పులిహోర గిన్నె వాళ్ల ఆటోలో వెళ్లింది. ట్రేలు మా ఫ్రిజ్‌లోకి వచ్చాయి. రెండు రోజులు అదే తిన్నాం.

ఆ అమ్మాయి సొంతంగా కల్పించిన తేడా కాదది. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడం మీద మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో తెచ్చిన నిబంధనల పేరులోనూ ఉన్నది ‘సర్‌ప్లస్ ఫుడ్’ అనే మాటే. సర్‌ప్లస్ అంటే ఇంకొకరికి గౌరవంగా ఇవ్వగలిగింది. లెఫ్టోవర్ అంటే మనింట్లో మనం తినాల్సింది.

నేను అనువాదాల పని చేస్తాను. తెలుగులో ఎక్కువ, అదనం, మిగులు, అతి అనే నాలుగు మాటలతో నెట్టుకొచ్చే చోట ఇంగ్లీషులో పది పన్నెండు ఎదురవుతాయి. డిక్షనరీ తెరిస్తే అన్నిటికీ ఇంచుమించు ఒకటే అర్థం: అవసరానికి మించినది. అందుకే ఇక్కడ డిక్షనరీ మనల్ని నట్టేట్లో వదిలేస్తుంది. ఇన్నేళ్లలో నాకు పనికొచ్చిన చిట్కా ఒక్కటే. ఆ ఎక్కువైన దాన్ని ఇప్పుడు ఏం చేస్తాం అని అడుగుతాను. దాచుకుంటామా, పంచిపెడతామా, తీసేస్తామా, దానికి డబ్బు కడతామా, చూడగానే మొహం మొత్తుతుందా? జవాబు దొరికితే మాట కూడా దొరికినట్టే.

ఎక్స్‌ట్రా, స్పేర్

వీటిలో అమాయకమైన మాట ఎక్స్‌ట్రా. లెక్క కంటే ఒకటి ఎక్కువుంది అని చెప్పి ఊరుకుంటుంది. మంచా చెడా అనేది దానికి పట్టదు. ఎక్స్‌ట్రా సాంబారు, ఎక్స్‌ట్రా క్లాసు, ఎక్స్‌ట్రా షీటు. క్రికెట్‌లో వైడ్లు, నోబాల్స్, బైలు, లెగ్ బైలు ఏ బ్యాటర్ ఖాతాలోనూ పడవు గానీ జట్టు స్కోరులో కలుస్తాయి కాబట్టి వాటికి ఎక్స్‌ట్రాలని పేరు. ఆస్ట్రేలియావాళ్లు వాటినే సండ్రీస్ అంటారు. సినిమా షూటింగుల్లో గుంపులో నిలబడేవాళ్లను కూడా ఒకప్పుడు ఎక్స్‌ట్రాలు అనేవారు. మనవాళ్లు దాన్ని జూనియర్ ఆర్టిస్టులుగా మార్చి మంచి పని చేశారు. మనుషులకు ఈ మాట అంటిస్తే ఎంత అమాయకమైనదైనా గుచ్చుకుంటుంది.

ఇందులో నాకు నవ్వొచ్చే విషయం ఒకటుంది. ‘ఎక్స్‌ట్రాలు చేయకు’ అని మనం ఎప్పటినుంచో అంటున్నాం. ఇప్పుడు అమెరికా పిల్లలు ‘షీ ఈజ్ సో ఎక్స్‌ట్రా’ అంటుంటే అదేదో కొత్త స్లాంగ్ అని మా అమ్మాయి నాకు నేర్పిస్తోంది.

స్పేర్‌లో ముందుచూపు ఉంది. రేపు అవసరం పడొచ్చని తెలిసి పక్కన పెట్టుకున్నది. కారు డిక్కీలో ఐదో టైరు స్పేర్. ఆరోది కూడా ఉంటే అది ఎక్స్‌ట్రా. మనం ఆ ఐదో టైరును స్టెపినీ అంటాం కదా, దాని పుట్టుక వేల్స్‌లో. తొలినాళ్ల కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. 1904 ప్రాంతంలో లనెల్లీ అనే ఊళ్లో డేవిస్ సోదరులు పంక్చరైన చక్రానికి పక్కన బిగించుకునే రిమ్ము ఒకటి తయారుచేశారు. వాళ్ల కొట్టు ఉన్న వీధి స్టెప్నీ స్ట్రీట్. టైరు పేరుగా ఆ మాట బ్రిటన్‌లో ఎప్పుడో మరుగున పడింది, మన మెకానిక్ షెడ్లలో మాత్రం ఇంకా బతికే ఉంది. విదేశాల్లో కారు అద్దెకు తీసుకుని ‘స్టెపినీ ఉందా’ అని అడిగితే బిక్కమొహం వేస్తారు. స్పేర్ టైర్ అనండి. అలాగే తాళం పోతే ‘డూప్లికేట్ కీ’ కంటే స్పేర్ కీ అడగడం మేలు. మన దగ్గర డూప్లికేట్ అనగానే నకిలీ సరుకు గుర్తొస్తుంది కూడా.

సర్‌ప్లస్, ఎక్సెస్

అనువాదాల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఈ జంట దగ్గరే. రెండింటి మధ్య ఉన్న గీత ఇది: ఎక్సెస్ అనాలంటే ముందు ఎక్కడో ఒక పరిమితి ఉండాలి. ఎవరో గీసిన గీత దాటితేనే అది ఎక్సెస్. సర్‌ప్లస్‌కు ఆ గొడవ లేదు. ఖర్చులు పోగా, అవసరాలు తీరగా చేతిలో నిలిచింది సర్‌ప్లస్.

అమెరికా ప్రయాణంలో బ్యాగుకి 23 కిలోల చొప్పున రెండు అనుకోండి. కౌంటర్ దగ్గర తూకం 26 చూపించింది. ఆ మూడు కిలోలు ఎక్సెస్. లోపల ఉన్నది ఆవకాయా గోంగూరా అన్నది తూకానికి అనవసరం. డబ్బు కట్టాలి, లేదా అక్కడే కింద కూర్చుని, లైన్లో వాళ్లందరూ చూస్తుండగా సూట్‌కేసు జిప్పు తీసి సీసా బయటపెట్టాలి. అదే సీసా అక్కడికి చేరి, మీరు తినగా పక్క ఫ్లాటువాళ్లకు ఇచ్చేంత మిగిలితే, అప్పుడది సర్‌ప్లస్. సరుకు అదే, పేరు మారింది.

రైల్లో టీటీఈ రాసిచ్చే ఈఎఫ్‌టీలో ‘ఈ’ అక్షరం ఎక్సెస్‌దే, ఎక్సెస్ ఫేర్ టికెట్. టికెట్టులో ఉన్నదాన్ని మించి ప్రయాణం చేశారు కాబట్టి కడుతున్నది. ప్రభుత్వ కాగితాల్లో ఈ రెండు మాటలూ పక్కపక్కనే కనిపించేది భూసంస్కరణల దగ్గర. 1973 నాటి వ్యవసాయ భూపరిమితి చట్టమైనా, 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టమైనా, యజమాని చేతిలో ఉన్నది పరిమితిని ఎంత దాటిందో చెప్పేటప్పుడు అది ఎక్సెస్. పేదలకు పంచడానికి ప్రభుత్వం తీసుకునేదిగా చూస్తే సర్‌ప్లస్, మన పేపర్ల భాషలో మిగులు భూమి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు తెలంగాణను మిగులు రాష్ట్రం అన్నారు, ఆంధ్రప్రదేశ్‌కు లోటు బడ్జెట్ అన్నారు. ఆ మిగులును ఎవరైనా ఎక్సెస్ అని అనువదిస్తే అర్థం తలకిందులవుతుంది.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ కారు ఇన్సూరెన్స్ కాగితంలో ‘ఎక్సెస్’ అని 250 పౌండ్లు రాసి ఉంటే కంపెనీ మీ దగ్గర ఎక్కువ వసూలు చేస్తోందని కంగారు పడకండి. క్లెయిమ్ చేసినప్పుడు మొదట మీ జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా అది. మన దగ్గరా అమెరికాలోనూ దాన్నే డిడక్టిబుల్ అంటాం.

ఇక ఎక్సెసివ్‌లో నింద కూడా కలుస్తుంది. 1689లో ఇంగ్లండు హక్కుల బిల్లు, దాన్ని చూసి 1791లో అమెరికా రాజ్యాంగ ఎనిమిదో సవరణ, ఎక్సెసివ్ బెయిలు అడగకూడదు, ఎక్సెసివ్ జరిమానాలు వేయకూడదు అన్నాయి. ఎంత దాటితే ఎక్సెసివ్ అనేది మాత్రం రెండూ చెప్పలేదు. ఆ కొలత న్యాయమూర్తికి వదిలేశాయి. మీరు ఆఫీసు మెయిల్లో ‘ఎక్సెసివ్ ఛార్జ్’ అని రాశారంటే అవతలివాడిది తప్పని ముందే తీర్పు ఇచ్చేశారన్నమాట. ఇంకా మాట్లాడుకునే వీలు ఉంచుకోవాలంటే ‘ఎక్స్‌ట్రా ఛార్జ్’ అని మొదలుపెట్టండి. మెత్తగా ఉంటుంది, పని జరుగుతుంది.

మనుషుల దగ్గర రెండూ జాగ్రత్తే. విద్యార్థుల సంఖ్యను బట్టి టీచర్లను సర్దే రేషనలైజేషన్‌లో ‘సర్‌ప్లస్ టీచర్’ అనేది జీవోల మాట. లిస్టులో తన పేరు పక్కన అది చూసుకున్న మాస్టారికి అది వట్టి లెక్కలా అనిపించదు.

రిడండెంట్

మా బావగారు టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. వాళ్లబ్బాయి ఇంగ్లండులో ఉంటాడు. ఓ రోజు పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో వాడి మెసేజ్: ‘నా రోల్ రిడండెంట్ అయింది’. ఎవరం ఏమీ అనకముందే బావగారు ‘వెరీ గుడ్, గాడ్ బ్లెస్ యూ’ అని బొటనవేలు బొమ్మతో సహా పెట్టేశారు.

ఆయన తప్పేం లేదు. ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి రిడండెన్సీ అంటే దేవుడిచ్చిన వరం. ఒక లైను తెగితే రెండో లైను అందుకుంటుంది, ఒక పవర్ సప్లై పోతే రెండోది నడుపుతుంది. డేటా సెంటర్లలో చాలా డిస్కులను కలిపి వాడే పద్ధతిని రెయిడ్ అంటారు, అందులో మొదటి అక్షరం రిడండెంట్. 1980ల చివర్లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీవాళ్లు పెట్టిన పేరు. ఒక డిస్కు పాడైనా డేటా పోకుండా మిగతావి కాస్తాయి. ఎయిర్‌బస్ ఏ320లో ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు హైడ్రాలిక్ వ్యవస్థలుంటాయి, గ్రీన్, బ్లూ, ఎల్లో అని. గాల్లో ఉండగా ఒకటి పాడైనా విమానం ఎగరగలదు. మనం నిశ్చింతగా కూర్చునేది ఆ ‘ఎక్కువైన’ వాటి మీద నమ్మకంతోనే.

బ్రిటన్ ఆఫీసులో మాత్రం ఆ మాటకు అర్థం ఉద్యోగం ఊడింది అని. ‘నువ్వు పనికిరావు’ అని కాదు, ‘ఈ కుర్చీయే అవసరం లేదు’ అని. అందుకే అక్కడి చట్టంలో తప్పు చేశాడని మనిషిని తీసేయడం వేరు, రిడండెన్సీ వేరు. ఒకే యజమాని దగ్గర రెండేళ్లు నిండినవాళ్లకు చట్టప్రకారం రిడండెన్సీ పే వస్తుంది. అమెరికాలో ఉన్నవాడైతే లేఆఫ్ అని ఉండేవాడు, బావగారికీ తెలిసిపోయేది. అరగంట తర్వాత ఫోన్ చేసి నాన్నా నాన్నా అంటూ ఆయన బతిమాలుకున్న తీరు నాకింకా గుర్తుంది. వాడు మాత్రం ‘పర్లేదు నాన్నా, నువ్వొక్కడివే పాజిటివ్‌గా తీసుకున్నావు’ అన్నాడట.

ఈ మాట మూలం లాటిన్‌లో అల. అల మీద అల వచ్చి ఒడ్డు దాటి పొర్లడం. యంత్రాల్లో ఆ రెండో అల కాపాడుతుంది, ఉద్యోగాల్లో ముంచుతుంది, వాక్యాల్లో వట్టి దండగ. ‘రిటర్న్ బ్యాక్’, ‘రిపీట్ అగైన్’, ‘పిన్ నంబర్’ లాంటివి. పిన్‌లో ‘ఎన్’ అంటేనే నంబర్. తెలుగులో ‘నడిసెంటర్’ అని మనం చేసే పనే ఇది. నడి అన్నాక సెంటర్ ఎందుకు? అయినా ‘వాడు నడిసెంటర్లో నిలబెట్టి తిట్టాడు’ అంటే వచ్చే ఊపు ‘సెంటర్లో తిట్టాడు’ అంటే రాదు. అలాంటి చోట నేను కొట్టేయను.

కాబట్టి ఇంజనీరింగ్ రిపోర్టులో రిడండెంట్ అని చూస్తే తెలుగులోకి ‘అనవసరమైన’ అని తేకండి. ‘ప్రత్యామ్నాయంగా ఉంచిన’ అనో, మామూలుగా ‘స్టాండ్‌బై’ అనో రాయండి. ఒకసారి ఒక కంపెనీ కరపత్రంలో ‘మా సర్వర్లన్నీ అనవసరమైనవి’ అని అచ్చయింది. ఎవరు అనువదించారో చెప్పను. నేను కాదు, అంతవరకు చెప్పగలను.

సూపర్‌ఫ్లుయస్ దీని అన్నయ్యలా కనిపిస్తుంది గానీ దానికి ఈ రెండో ముఖం లేదు. పైనుంచి పొర్లిపోయింది, తుడిచేయొచ్చు, అంతే. అమితాబ్ బచ్చన్‌ని స్టేజీ మీద ‘వీరు సినిమా నటులు’ అని పరిచయం చేస్తే ఆ వాక్యం సూపర్‌ఫ్లుయస్. గృహప్రవేశం మెనూలో దద్దోజనం ఉండగా మళ్లీ విడిగా పెరుగన్నం పెట్టారు, అది రిడండెంట్. ఒకే పనికి రెండున్నాయి కాబట్టి. పలికేటప్పుడు ‘సూపర్’ అని మొదట్లో ఒత్తకండి. ఒత్తు రెండో అక్షరం మీద పడాలి, సు-పర్-ఫ్లువస్ అన్నట్టుగా. అంత తంటా ఎందుకంటారా, మాటల్లో ‘అన్‌నెసెసరీ’ అనేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

అతి దగ్గరికొస్తే

మనం రోజూ చేసే పొరపాటు టూ అనే మూడక్షరాల మాటతో. ‘ఫుడ్ టూ గుడ్’ అంటాం మెచ్చుకోలుగా. ఇంగ్లీషువాడి చెవికి టూ అనగానే ఏదో ఇబ్బంది ఉందని తోస్తుంది. టూ హాట్ అంటే తాగలేనంత వేడి, వెరీ హాట్ అంటే బాగా వేడి. చాలాకు వెరీ, మరీకి టూ అని గుర్తుపెట్టుకుంటే చాలు. అన్నట్టు మన ‘చాలా’ పుట్టింది ‘చాలు’ నుంచే. మొదట సరిపోయేంత అనే అర్థంతో మొదలై మెల్లగా ఎక్కువలోకి జరిగింది.

ఓవర్‌కిల్ అణుబాంబుల పోటీ కాలంలో నలిగిన మాట. శత్రువును ఒక్కసారి చంపితే చాలేచోట పదిసార్లు చంపగలిగేన్ని బాంబులు. ఇప్పుడు ఇద్దరికి వంట కోసం పెద్ద గ్రైండరు కొన్నా ఓవర్‌కిల్ అంటున్నారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మనకు ఎప్పుడో ఉంది కాబట్టి ఈ మాట అనువదించడం నాకు చాలా ఇష్టం.

గ్లట్ మార్కెట్‌ది. మదనపల్లెకు టమాటా పోటెత్తి, కోత కూలీ కూడా రాదని రైతు పెట్టెలు రోడ్డు పక్కన పోసి వెళ్లిపోతాడే, అది గ్లట్. దాన్ని సర్‌ప్లస్ అని రాస్తే పంట బాగా పండి లాభం వచ్చినట్టు వినిపిస్తుంది. రైతు వార్త రాసేటప్పుడు ఈ తేడా చూసుకోండి.

సర్‌ఫిట్‌కు తెలుగులో ఉన్నంత చక్కటి మాట ఇంకెక్కడా లేదేమో: మొహం మొత్తడం. ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ 1135లో ల్యాంప్రేలనే పాములాంటి చేపలు వైద్యుడు వద్దన్నా తెగ తిని పోయాడని చెబుతారు. ఇంగ్లండు బళ్లలో చదివినవాళ్లకు సర్‌ఫిట్ అనగానే ఆ చేపలే గుర్తొస్తాయి. నాకు మటుకు నాలుగో బూరె దగ్గర గుర్తొచ్చింది.

ప్లెథోరా గురించి ఒక మొర. పై చదువులకు వెళ్లే పిల్లలు తమ ఎస్‌ఓపీలు, అంటే ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో యూనివర్సిటీకి రాసే వ్యాసాలు, దిద్దిపెట్టమని ఇస్తుంటారు. ప్రతిదానిలోనూ ‘ప్లెథోరా ఆఫ్ ఆపర్చునిటీస్’ ఉంటుంది. అది మొదట్లో వైద్యుల మాట, ఒంట్లో రక్తం మితిమీరడం. పాతకాలం రాతల్లో రోగ లక్షణం. ఇప్పుడు ‘బోలెడు’ అనే అర్థంలో నడుస్తున్నా, పట్టింపు ఉన్నవాళ్లకు అందులో ‘మరీ ఎక్కువ’ అనే వాసన తగులుతుంది. ‘మీ యూనివర్సిటీలో అవకాశాలు ఎక్కువైపోయాయి’ అని అప్లికేషన్‌లో రాస్తామా? మెనీ అని రాయమంటాను. నాలుగక్షరాల మాట రాస్తే సీటు రాదేమోనని భయం వాళ్లకి.

అదే పిల్లలు ఇంకోచోట సూపర్‌న్యూమరరీ చూసి హడలిపోతారు. ఐఐటీల్లో అమ్మాయిల కోసం 2018 నుంచి ఇలాంటి సీట్లు కలుపుతున్నారు. మంజూరైన లెక్క మీద అదనంగా వేసినవి, ఎవరి సీటూ తగ్గించకుండా. పేరు భయంకరంగా ఉన్నా సీటు సీటే.

మరి ఏది రాయాలి?

తొందరలో ఉంటే ఎక్స్‌ట్రా. తప్పు కాదు, అందం రాదు. లెక్కల కాగితమైతే సర్‌ప్లస్, పరిమితి దాటిందన్న ఫిర్యాదైతే ఎక్సెస్. ఎవరి మాటలనైనా, ఎవరి పనినైనా తీసేయాలని చెబుతుంటే అన్‌నెసెసరీ చాలు. రిడండెంట్ మాత్రం చదివేవాళ్లు ఇంజనీర్లా, బ్రిటన్ హెచ్‌ఆర్‌వాళ్లా అని చూసుకుని రాయండి. తిండి విషయంలో ‘బ్యాలెన్స్ ఫుడ్’, ‘రిమైనింగ్ రైస్’ అని మనం అంటుంటాం, అర్థమవుతుంది గానీ ఫ్రిజ్‌లో పెట్టుకునేదానికి లెఫ్టోవర్స్ అనేదే వాడుక. ‘రిమైన్స్’ అని మాత్రం అనకండి. అది వింటే పార్థివ దేహం గుర్తొస్తుంది.

ఇన్ని మాటలున్న భాషలో నాకు ఇప్పటికీ సరిగ్గా దొరకనిది ఒకటుంది, మన కొసరు. కూరగాయలు తూచాక తక్కెడలో పడేసే నాలుగు పచ్చిమిరపకాయలు, సంచీలో కుక్కే కరివేపాకు రెబ్బ. అవసరానికి మించిందే, కానీ ఎక్సెస్ కాదు, సర్‌ప్లస్ కాదు, స్పేర్ అసలే కాదు. అమెరికాలో లూసియానావాళ్లు మాత్రం దానికి ల్యాన్యాప్ అనే పేరు పెట్టుకున్నారు. దక్షిణ అమెరికా క్వెచువా భాషలో పుట్టి, స్పానిష్ మీదుగా అక్కడి ఫ్రెంచిలోకి చేరిన మాట అది. లూసియానా దాటితే చాలామందికి తెలియదు. అందుకని అనువాదంలో కొసరు వచ్చినప్పుడల్లా పేరు వెతకడం మానేసి జరిగింది రాస్తున్నాను: కూరగాయలమ్మ కరివేపాకు ‘థ్రూ ఇన్’ చేసింది, అంటే డబ్బులడక్కుండా సంచీలో పడేసింది.